విధేయ సేవకుడు

లండన్‌లో నవంబరు నెల. మధ్యాహ్నం మూడింటికే
మా గదిలో గ్యాసు దీపాలు వెలిగించాలి.
ఖర్చు సర్కారుది, ఎవరూ లెక్కడగరు.
ఆ వెలుగులో
నేను చూడని ఊళ్ళ చట్టాలకు నకళ్ళు రాస్తాను,
పేజీకి ఇంతని.

ఇవాళ్టి సంచిలో
బార్బడోస్ కుక్కల పన్ను,
ఫాక్‌లండ్ గొర్రెల గజ్జి,
ఏదో దీవిలో చర్చి గంట ఎన్నిసార్లు మోగాలన్న పేచీ.
అన్నిటికీ అడుగున, ఉప్పునీటి చారికతో,
ఫ్రీటౌన్ అంగడి ఆడవాళ్ళ అర్జీ.

నలభై ముగ్గురు.
నలభై రెండు ఇంటూ గుర్తులు,
ఒకే ఒక్క సంతకం: కెజాయా డెకర్.
అక్షరాలు నెత్తిన బరువున్నట్టు కొంచెం వంగి నడిచాయి.

పొద్దుగూకాక అమ్మే ప్రతి గంపకీ ఒక లాంతరుండాలట,
లాంతరుకో లైసెన్సు, లైసెన్సుకో షిల్లింగు.
"దొరవారూ, మా కోలా గింజలు చీకట్లోనూ కోలా గింజలే.
కొనేవాళ్ళు వేళ్ళతో చూస్తారు.
వెన్నెల రాత్రి వెన్నెలుంది,
దానికింకా లైసెన్సు పెట్టలేదు."

నంబరు వేశాను. ఆరువేల నూట పద్నాలుగు.
అర్జీ మెట్లెక్కింది.
థ్రేల్ గారు అంచున రాశారు: "కోలా అనగా?"
ఆ పై అంతస్తు: "ఒక రకం కాయ. బహుశా."
న్యాయ సలహాదారు గారిని కలచివేసింది
చట్టంలో 'లాంతరు'కి నిర్వచనం లేకపోవడం.
అన్నిటికన్నా పైన పెనిఫాదర్ గారు.
ఆయన సముద్రాన్ని చూసింది బ్రైటన్‌లో, కాళ్ళు తడవకుండా.
గోడమీది పటంలో ఆఫ్రికా తీరాన్ని వేలితో ఒకసారి తడిమి
నిబంధన గుర్తుచేశారు:
అర్జీలన్నీ గవర్నరు ద్వారా రావాలి.
ఎవరి మీద మొరపెట్టుకున్నారో
ఆయన చేతుల మీదుగానే.

వెనక్కి పంపాం. ఓడ. ఇరవై రోజులు.
గవర్నరు సావకాశంగా రాశారు:
"ఈ స్త్రీలు నోరుగలవారు. అంగడి ఇప్పుడు చూడముచ్చటగా ఉంది."
మళ్ళీ ఓడ. ఇరవై రోజులు, తుఫానుకి ఇంకో నాలుగు.
ఈలోగా మా చిన్నదానికి పళ్ళొచ్చాయి.
ఒక మంత్రి దిగిపోయాడు,
ఇంకొకాయన అదే కుర్చీలో కూర్చుని మెత్త మార్పించాడు.

జవాబు సాపు రాసింది నేనే.
"జోక్యం చేసుకొనుటకు కారణం కనబడలేదు."
నకలు అర్జీదారులకివ్వమని ఒక ముక్క.
కింద, ఎప్పటిలాగే, గుండ్రంగా:
"తమ మిక్కిలి విధేయుడైన సేవకుడను."
రోజుకి ముప్పైసార్లు రాస్తానది.
చెయ్యి రాస్తూ పోతుంది,
నేను రాత్రి తినబోయే మటన్ గురించి ఆలోచిస్తుంటాను.

అక్కడ వానలు వెలిశాక రెండో అర్జీ వచ్చింది.
ఈసారి గవర్నరు ద్వారానే, నియమం తప్పకుండా.

"మా విధేయ సేవకుడికి కెజాయా డెకర్ రాయించేది కాదు, రాసేది.
నీ ఉత్తరం బడిపంతులు మూడుసార్లు చదివాడు, నేను నాలుగోసారి.
నువ్వు మా సేవకుడివని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.
తెలిస్తే అంతగా బతిమాలేవాళ్ళం కాదు.
జీతమెంత కావాలో రాయి.
వచ్చే ఓడకి బయల్దేరు.
రేవు పక్క వరసలో, ఎండుచేపల వాళ్ళని దాటితే నా గంప.
పొద్దుగూకేలోపు వచ్చి
లాంతరు పట్టుకో.
గాలి సముద్రం వైపు నుంచి కొడుతుంది,
చెయ్యి అడ్డం పెట్టడం మరిచిపోకు."

మూడంతస్తుల్లోనూ నవ్వు వినబడింది,
ఈ మెట్లమీద మొదటిసారి.
పెనిఫాదర్ గారు మాత్రం నవ్వలేదు.
"జవాబు అనవసరం. కట్టలో పెట్టండి."
ఎర్ర నాడా బిగించాను.

తర్వాతి కాగితం మళ్ళీ కుక్కల పన్నే.
చివరికొచ్చాక, 'సేవకుడను' దగ్గర
కలం ఆగింది, సిరా చుక్క జారింది.
పాడైన పేజీకి డబ్బులివ్వరు.
కొత్త కాగితం తీసుకున్నాను.
నెత్తిమీద గ్యాసు మంట ఊగింది.
కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

అయినా లేచి నిలబడి
చెయ్యి అడ్డం పెట్టాను.